మంట ఆరితే గ్యాస్ ఆపే పుల్ల: థామస్ సీబెక్ కథ



స్టవ్ మీద పాలు పెట్టి, పిల్లల లంచ్ బాక్సులు సర్దే హడావుడిలో మీరు పక్కకు వెళ్లారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. ఏ ఇంట్లోనైనా జరిగేదే ఇది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ ప్రమాదాన్ని ఆపడానికి చాలా కొత్త హాబ్‌లలో బర్నర్ పక్కన సన్నటి లోహపు పుల్ల ఒకటి ఉంటుంది. దాని పేరు థర్మోకపుల్. అది పనిచేసే సూత్రాన్ని వెలుగులోకి తెచ్చినవారు థామస్ జొహాన్ సీబెక్. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవారు సీబెక్ ఎఫెక్ట్ అన్న మాట వినే ఉంటారు.

సీబెక్ 1770లో బాల్టిక్ తీరంలోని రెవాల్ పట్టణంలో, బాగా కలిగిన వ్యాపారి కుటుంబంలో పుట్టారు. ఆ ఊరే ఈనాటి ఎస్టోనియా రాజధాని టాలిన్. జర్మనీ వెళ్లి వైద్యం చదివి, 1802లో గోటింగెన్‌లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. కానీ ఆయన మనసంతా భౌతికశాస్త్రం మీదే. ఇంటి ఆస్తి ఆసరాగా ఉండటంతో వైద్యవృత్తి పక్కనపెట్టి ప్రయోగాలకే అంకితమయ్యారు. డాక్టర్ చదివిన పిల్లాడు ప్రాక్టీసు పెట్టనంటే మన ఇళ్లలో ఎంత చర్చ జరుగుతుందో ఊహించుకోండి! యేనా పట్టణంలో మహాకవి గోథేతో స్నేహం కుదిరింది. ఇద్దరూ రంగులు, కాంతి గురించి కలిసి పరిశోధించారు.

1820లో విద్యుత్ ప్రవాహం దిక్సూచి ముల్లును కదిలిస్తుందని ఆయిర్‌స్టెడ్ చూపారు. అప్పటికి బెర్లిన్‌లో ఉన్న సీబెక్, 1821లో రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక వలయం చేశారు. అతుకుల్లో ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే చాలు, దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలింది. బ్యాటరీ లేదు. చేతి వెచ్చదనానికి కూడా ముల్లు స్పందించింది. ఆయన అక్కడితో ఆగలేదు. ఎన్నో లోహాలను, ఖనిజాలను జతలుగా పరీక్షించి ఓపిగ్గా పట్టికలు రాశారు.

అయితే ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. వేడి వల్ల నేరుగా అయస్కాంతత్వం పుడుతోందని నమ్మారు. భూమి అయస్కాంతత్వానికి కూడా ధ్రువాలకూ భూమధ్యరేఖకూ ఉన్న ఉష్ణోగ్రత తేడానే కారణమనుకున్నారు. వలయంలో పారుతున్నది విద్యుత్ అని ఆయిర్‌స్టెడ్ గుర్తించి థర్మోఎలక్ట్రిక్ అన్న పేరు పెట్టినా, సీబెక్ ఒప్పుకోలేదు. 1831లో బెర్లిన్‌లోనే కన్నుమూశారు.

వివరణ తప్పినా, ఆయన పరిశీలన నిలిచింది. మీ పిల్లల పదో తరగతి పాఠంలో ఉన్న ఓమ్ నియమం ఉంది కదా? 1826 నాటి ప్రయోగాల్లో స్థిరమైన కరెంటు కోసం ఓమ్ వాడింది ఇలాంటి లోహాల జతనే.

ఇక మీ వంటింటికి వద్దాం. మంటలో ఉన్న పుల్ల కొన వేడెక్కి, వోల్టులో వందో వంతు స్థాయిలో కాస్త విద్యుత్ పుట్టిస్తుంది. గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకునే చిన్న విద్యుదయస్కాంతానికి అది చాలు. స్టవ్ వెలిగించాక నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచమనేది పుల్ల వేడెక్కడానికే. మంట ఆరితే పుల్ల చల్లబడుతుంది, కరెంటు ఆగుతుంది, స్ప్రింగ్ వాల్వును మూసేస్తుంది. తీగ తెగినా అంతే. పరికరం పాడైతే గ్యాస్ ఆగిపోతుందే కానీ వదిలేయదు.

పెద్ద ఫ్యాక్టరీ ఫర్నేసులకు ఇది సరిపోదు. అక్కడ మంట ఆరినా గోడల వేడికి పుల్ల వేడిగానే ఉంటుంది. ఈలోగా లోపల గ్యాస్ నిండిపోతుంది. అందుకే అక్కడ వేడిని కాక, మంటనే కనిపెట్టే పరికరాలు పెడతారు. మంట వెలువరించే అతినీలలోహిత కాంతిని చూసేవి కొన్ని, మంట గుండా పారే సూక్ష్మ విద్యుత్‌ను గమనించేవి కొన్ని. మంట పోయిన కొద్ది సెకన్లలోనే ఇవి గ్యాస్‌ను ఆపేస్తాయి.

ఈ నెల మీకు రెండు మనవులు. మీ స్టవ్‌కు ఈ రక్షణ ఉందో లేదో చూడండి. ఉంటే, మాటిమాటికీ ఆరిపోతోందని మెకానిక్‌తో దాన్ని తీయించేయకండి. పుల్లను శుభ్రం చేయించండి, లేదా మార్పించండి. రెండోది, మీ పాప గానీ బాబు గానీ ఏదైనా గమనించి తప్పు కారణం చెబితే, వెంటనే కొట్టిపారేయకండి. ముందు ఏం చూశావో చెప్పమని అడగండి. కారణాన్ని తర్వాత కలిసి సరిదిద్దుకోవచ్చు.