మహాత్ముని కట్టు

మానవునకు కూడును, గూడును, గుడ్డయు ముఖ్యావసరములు. అందు కూడు కడుపులోనికి బోయి కానరాకుండును. గూడు ఉన్నచోటనే యుండును. గుడ్డ యొక్కటియే మనుజునితో నడచుచు, అతడు నోరు విప్పకమునుపే అతడెవరో, ఎవరి పక్షమువాడో నలుగురికిని తెలుపుచుండును. ఈ సత్యమును మోహనదాసు కరంచందు గాంధీ తన డెబ్బదియెనిమిదేండ్ల జీవితమున అనుభవముచే నెరిగెను. ఆయన కట్టు మారిన విధమే ఆయన జీవితచరిత్రము.

గాంధీ 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కాఠియావాడులోని పోరుబందరున సంస్థాన దివానుగారి యింట జన్మించెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకై ఇంగ్లండునకు ఓడయెక్కెను. రేవున దిగునపుడు ధరింపవలెనని తెల్లని ఫ్లానెలు దుస్తులు భద్రముగా దాచుకొని తొడిగెను. తీరా చూడగా, చలికాలము దాపురించిన ఆ దినములలో అట్టి దుస్తులు వేసికొన్నవాడు తానొక్కడే! ఆ సిగ్గు చాలదినములు బాధించెను. పిమ్మట దొరవలె కనబడవలెనని పట్టుదల పుట్టెను. 19 షిల్లింగులు వెచ్చించి పొడవైన టోపీ కొనెను. బాండు వీధిలో 10 పౌనులిచ్చి విందు దుస్తులు కుట్టించెను. అన్నగారికి వ్రాసి బంగారు గడియారపు గొలుసు తెప్పించుకొనెను. దినమునకు 10 నిమిషములు నిలువుటద్దము ముందు నిలిచి మెడపట్టీ సవరించుకొనుచు, తలదువ్వుకొనుచుండెను. నాట్యమును, ఫిడేలును నేర్వబూనెను. మూడు నెలలలో ఆ మైకము వీడెను గాని, దుస్తులపై శ్రద్ధ మాత్రము పెక్కేండ్లు నిలిచెను.

1891లో బారిస్టరై స్వదేశమునకు మరలి, 1893లో ఒక వర్తకసంస్థ వ్యాజ్యముపై దక్షిణాఫ్రికాలోని నేటాలునకు బోయెను. అప్పుడు ఆయన యొంటిపై ఆంగ్లేయపు కోటు, తలపై భారతీయుల పాగా. డర్బను న్యాయస్థానమున న్యాయాధిపతి ఆయనను తేరిపార జూచి పాగా తీయుమనెను. గాంధీ తీయక, వెలుపలికి నడచిపోయెను. పత్రికలకు వ్రాసి తన పాగాను సమర్థించుకొనెను.

ఆ దేశమున మనవారి స్థితి చిత్రముగా నుండెను. ముసల్మాను వర్తకులు తాము అరబ్బులమనియు, పారసీ గుమాస్తాలు తాము పర్షియనులమనియు చెప్పుకొని మర్యాద నిలుపుకొనుచుండిరి. తక్కినవారందరును తెల్లవారి నోట కూలీలే. ముసల్మాను వేషము గలవాడు పాగాతో న్యాయస్థానమున నుండవచ్చును, ఇతర భారతీయుడు తీయవలెను. కావున గాంధీ పట్టుదల తలగుడ్డ కొరకు గాదు, తాను భారతీయుడనన్న మాట దాచకుండుట కొరకు. అవమానము తప్పుటకు ఆంగ్లేయపు టోపీ పెట్టుకొందునా యని ఆయన యోచింపగా, కక్షిదారైన అబ్దుల్లా సేఠు వారించెను. టోపీ పెట్టినచో హోటలు వడ్డనవానివలె కనబడుదురనియు, పాగాకై పట్టుబట్టిన ఇతరుల పక్షము చెడుననియు అతడు హితవు చెప్పెను.

1894లో నేటాలు ఉన్నత న్యాయస్థానమున న్యాయవాదిగా చేరిన దినమున ప్రధాన న్యాయమూర్తి మరల పాగా తీయుమనెను. ఈమారు గాంధీ తీసెను. మిత్రులు నొచ్చుకొనిరి. న్యాయవాదిగా చేరినవానికి ఆ సభ నియమము చెల్లుననియు, పెద్ద పోరులకై బలము దాచుకొనవలెననియు ఆయన సమాధానము. పట్టు ఎచ్చట విడువవలెనో తెలియుటయు వివేకమే గదా.

అయినను ఆ వివేకము ఇంటిలో వెంటనే కలుగలేదు. 1896లో ఆలుబిడ్డలను నేటాలునకు తీసికొనిపోవునపుడు, నాగరికులనిపించుకొనుటకు ఐరోపా రీతి కొంతయైన నుండవలెనని ఆయనయే తలచి, కస్తూరిబాకు పారసీ స్త్రీల చీరకట్టును, పిల్లలకు పారసీ కోటులును, లాగులును నిర్ణయించెను. బూట్లకు కాళ్లు పుండ్లుపడెను, మేజోళ్లు చెమటకు కంపుకొట్టెను. వారు ఇష్టము లేకయే తొడిగి, కొన్నాళ్లకు అలవాటుపడిరి. ఆ నాగరికతా భ్రమ వీడినపుడు వానిని విడుచుటయు వారికి అంతే కష్టమయ్యెను. ఈ సంగతిని ఆయన ఆత్మకథలో దాచక వ్రాసెను.

1897 జనవరిలో ఓడ దిగిన గాంధీని డర్బను వీధిలో తెల్లవారి మూక రాళ్లతో, గ్రుడ్లతో కొట్టి, తలపాగా లాగివైచెను. ఆ రాత్రి మూక ఇల్లు చుట్టుముట్టగా, పోలీసు అధికారి సలహాపై ఆయన భారతీయ పోలీసు జవాను దుస్తులు తొడిగి, లోహపు పళ్లెముపై మదరాసు ఉత్తరీయము చుట్టి తలపై పెట్టుకొని తప్పించుకొనెను.

నేటాలు చెరకు తోటలలోను, బొగ్గు గనులలోను పనిచేయుటకు 1860 మొదలు మదరాసు రేవునుండి ఒప్పందముపై ఓడలెక్కినవారిలో తెలుగువారును, అరవవారును పెక్కుమంది యుండిరి. 1913లో వారు గాంధీ మాటపై సమ్మె కట్టిరి. పోలీసు తుపాకులకు కొందరు బలియైరి. చెరనుండి వెలువడిన గాంధీ కోటును, లాగును, బూట్లను విడిచి, కూలీలవలె లుంగీయు చొక్కాయును ధరించి డర్బను సభలో నిలిచెను. ఏ కూలీ పేరు తగిలించి తెల్లవారు తనను హేళనచేసిరో, ఆ కూలీ కట్టునే ఆయన గౌరవముగా స్వీకరించెను.

1915 జనవరి 9వ తేదీన బొంబాయి రేవున దిగినపుడు ఆయన కాఠియావాడు పల్లెవాని పంచె, అంగరఖా, పాగాలతో నుండెను. 1917లో బీహారులోని చంపారన్‌లో మరియొక పాఠము లభించెను. మాసిన చీరలు ఉతుకుకొనుడని చెప్పబోయిన కస్తూరిబాకు ఒక పేదరాలు తన గుడిసె చూపెను. అందు పెట్టెయు లేదు, మారుచీరయు లేదు. కట్టిన చీర ఉతికినచో ఏమి కట్టుకొనవలెనని ఆమె అడిగెను.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు తిప్పింపవలెనని తీర్మానించెను. జూలై 31న బొంబాయిలో విదేశవస్త్రములు గుట్టలుగా దగ్ధమయ్యెను. కాని పేదలు అడిగిన ప్రశ్న యొకటి మిగిలెను: విదేశపు గుడ్డ విడుతుము, ఖద్దరు కొనుటకు డబ్బేది? సెప్టెంబరు 14న వాల్తేరు స్టేషనులో మౌలానా మహమ్మదలీ నిర్బంధింపబడిన వేళ, టోపీయు చొక్కాయు అచ్చటనే విడువవలెనని గాంధీకి తోచెను. ఆడంబరమగునేమో యని ఆగెను. పిదప మదరాసునుండి మధురకు బోవు రైలులోను తోడి ప్రయాణికులు ఖద్దరు కొనలేని తమ బీదతనమునే చెప్పిరి. సెప్టెంబరు 22వ తేదీ ఉదయమున ఆయన మధురలో కొల్లాయిగుడ్డతో వెలుపలికి వచ్చెను. ఆ నెలాఖరున తిరుపతి, కడప ప్రాంతముల ప్రజలు ఆయనను ఆ కట్టుతోనే చూచిరి. మొదట అక్టోబరు 31 వరకనియే నియమము. అది జీవితాంతము నిలిచెను. బసవరాజు అప్పారావు కవి ఆ కొల్లాయిపై కట్టిన పాట తెలుగునాట ఊరూర మారుమ్రోగెను. అయినను తన సహచరులు తనవలె కొల్లాయి కట్టవలెనని ఆయన కోరలేదు.

1931లో రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువుతో సమానస్థాయిని సంధి మాటలాడుటకు ఈ అర్ధనగ్నుడు మేడమెట్లెక్కుటయా యని చర్చిల్ మండిపడెను. ఆ యేటనే గాంధీ రౌండు టేబిలు సమావేశమునకు లండను బోయెను. నవంబరు 5న చక్రవర్తి విందునకును కొల్లాయితో, శాలువతో, చెప్పులతోనే వెళ్లెను. నలువది యేండ్లకు పూర్వము ఇదే నగరమున దొరవేషమునకై అద్దము ముందు నిలిచిన యువకుడే యీయన. లాంకషైరు వెళ్లి, భారతీయుల బహిష్కారముచే పనులు తగ్గిన మిల్లు కార్మికులను కలిసి, తన దేశపు పేదరికమును వివరించెను. వారాయనను ఆదరముతో చుట్టుముట్టిరి. ఆయన విడిచినది వారు నేసిన గుడ్డను గాని, వారిని గాదు.

1948 జనవరి 30వ తేదీన ఢిల్లీలో ప్రార్థనకు బోవుచు ఆయన హంతకుని గుండ్లకు నేలకొరిగెను.

పరాయివాడు తీయుమన్నపుడు తీయని పాగాను, చొక్కాను, నిండు పంచెను ఆయన ఎవరును అడుగకయే తన పేదలకొరకు విడిచెను. పాగా పరాయివారి యెదుట తన దేశమేదో చెప్పెను. కొల్లాయి తన దేశములో తానెవరివాడో చెప్పెను. నేడు లాగు తొడిగినవాడు పరాయివాడును గాదు, పట్టుపంచె కట్టినంతమాత్రమున దేశభక్తుడును గాదు. కట్టుకొన్న గుడ్డ నేసిన చేతులను, కట్టుటకు గుడ్డలేని మేనులను మరువనివాని కట్టే దేశీయమైన కట్టు.