పసివాళ్ళ పక్షాన ఒక పండితుడు

ఖరగ్‌పూర్‌కు బదిలీ మీద వచ్చిన పిల్లలకు మొదటి నెలలోనే ఒక పేరు పదేపదే వినిపిస్తుంది. ఫ్యాక్టరీలున్న చోటు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్. మేదినీపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయం. కోల్‌కతా వెళితే హుగ్లీ నది మీద విద్యాసాగర్ సేతు. ఈయన ఎవరని ఒకసారి తరగతిలో అడిగితే, ఆ పార్కు యజమాని అని ఒక చిన్నవాడు ధీమాగా జవాబిచ్చాడు. అందరం నవ్వుకున్నాం గానీ తప్పు వాడిది కాదు. మనలాంటి వాళ్ళం బోర్డు మీద పేరు చదవడం త్వరగానే నేర్చుకుంటాం. ఆ పేరు వెనుక మనిషిని తెలుసుకునేలోగా మళ్ళీ బదిలీ కాగితం వస్తుంది. అందుకే ఈసారి ఆయన కథ చెబుతున్నాం.

ఈశ్వరచంద్ర బందోపాధ్యాయ 1820 సెప్టెంబరు 26న బీర్‌సింఘ అనే పల్లెలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు మన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే, ఘాటాల్ సబ్ డివిజన్‌లో ఉంది. తండ్రి ఠాకుర్‌దాస్ కలకత్తాలో చిన్న కొలువు చేసేవారు. తల్లి భగవతీదేవి. ఎనిమిదేళ్ళ వయసులో పిల్లవాణ్ణి చదువు కోసం తండ్రి కలకత్తాకు నడిపించుకుని తీసుకువెళ్ళారు. దారిలో పాతిన రాళ్ళను చూసి, మసాలా నూరుకునే సన్నికల్లును రోడ్డు మీద ఎందుకు పాతారని పిల్లవాడు అడిగాడట. అవి మైలురాళ్ళని తండ్రి చెప్పారు. ఊరు చేరేలోగా ఆ రాళ్ళ మీద చూసే ఇంగ్లీషు అంకెలన్నీ పిల్లవాడికి వచ్చేశాయి. ఈ కథ మీరు వినే ఉంటారు. వినని కథ ఆ తర్వాతది.

కలకత్తా బడాబజారులో వాళ్ళు దిగింది తమకు చుట్టాలు కాని వారి ఇంట్లో. ఆ ఇంట్లో రాయిమణి అనే వితంతువు ఉండేది. ఆమెకు గోపాల్ అనే కొడుకు ఉన్నాడు. అమ్మను వదిలి వచ్చిన ఈ పల్లెటూరి పిల్లవాణ్ణి ఆమె తన కొడుకుతో సమానంగా చూసింది. ఆకలి కనిపెట్టింది, బెంగ కనిపెట్టింది. ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో ఆయన ఆమెను తలుచుకుని కరిగిపోయారు. తాను ఆడవాళ్ళ పక్షపాతినని ఎవరైనా అంటే అది నిజమేనని, రాయిమణి ఆదరణ ఎరిగిన తాను అలా కాకుండా ఎలా ఉంటానని రాశారు. కొత్త ఊళ్ళో పక్క క్వార్టరు ఆంటీ పెట్టిన మొదటి పూట భోజనం గుర్తున్నవాళ్ళకు ఆ మాట అర్థమవుతుంది.

అదే ఇంట్లో ఆయన దెబ్బలూ తిన్నారు. రాత్రి చదువుతూ కునికితే తండ్రి గట్టిగా కొట్టేవారు. పేదరికం వల్ల ఆ తండ్రికి తొందర. పిల్లవాడు త్వరగా పైకి రావాలి. కారణం అర్థమవుతుంది. ఒంటి మీది వాతకు కారణంతో పని లేదు కదా.

సంస్కృత కళాశాలలో పన్నెండేళ్ళు చదివి, 1839లో విద్యాసాగర్ అనే బిరుదు పొందారు. 1841లో ఫోర్ట్ విలియం కళాశాలలో ప్రధాన పండితుడయ్యారు. 1851లో తాను చదివిన సంస్కృత కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. ఈ ఉద్యోగాల సంగతి ఇంతటితో చాలు.

విద్యార్థిగా ఉన్నప్పుడు జరిగిన ఒక సంఘటన మాత్రం చెప్పాలి. వేదాంతం చెప్పే శంభుచంద్ర వాచస్పతి గారికి ఈశ్వరచంద్ర అంటే ప్రాణం. వృద్ధాప్యంలో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటానని శిష్యుణ్ణి సలహా అడిగారు. వద్దని శిష్యుడు గట్టిగా చెప్పినా గురువు వినలేదు. చిన్నపిల్లను పెళ్ళాడారు. గురుపత్నికి నమస్కరించడానికి రమ్మని బలవంతంగా ఇంటికి తీసుకువెళ్ళారు. ఆ పసిపిల్లను చూసిన ఈశ్వరచంద్ర ఏడుపు ఆపుకోలేకపోయారు. ఆ ఇంట్లో ఇక మంచినీళ్ళు కూడా ముట్టనని చెప్పి బయటికి వచ్చేశారు. కొంత కాలానికే గురువు పోయారు. ఆ పిల్ల వితంతువుగా మిగిలింది.

ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు అలాగే జరిగేవి. ఈశ్వరచంద్రకే పద్నాలుగేళ్ళకు పెళ్ళి చేశారు. భార్య దీనమయీదేవి ఆయన కన్నా చిన్నది. గురువు గారు చేసింది అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. పదిమందీ చూశారు, భోజనాలు చేశారు. తప్పని పైకి చెప్పింది ఒక విద్యార్థి.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా పాత పోస్టింగుల్లో ఒక చోట, ఊరి పేరు ఎందుకు లెండి, సంవత్సరం మధ్యలో ఒక అబ్బాయి బదిలీ మీద వచ్చి చేరాడు. ట్యూషన్ ఉన్న రోజు తప్పకుండా కడుపునొప్పి అనేవాడు. భాష రాక బెంగ పెట్టుకున్నాడని అనుకున్నాం. ఒకరోజు మోచేతి పైన కమిలిన గుర్తు కనబడింది. పడ్డానన్నాడు. నమ్మాం. నమ్మితే పని తగ్గుతుంది కనుక నమ్మాం. ట్యూషన్ చెప్పే చోట కొడుతున్నారని రెండు నెలల తర్వాత తేలింది. కనిపెట్టింది వాళ్ళ అమ్మ, మేం కాదు.

మళ్ళీ విద్యాసాగర్ దగ్గరికి వద్దాం. 1850లో బాల్యవివాహాల దోషాల గురించి వ్యాసం రాశారు. వితంతువులకు మళ్ళీ పెళ్ళి చేయడం ధర్మవిరుద్ధం కాదని శాస్త్రాల నుంచే వెతికి చూపించారు. 1855 అక్టోబరులో ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. దాని మీద సంతకాలు 987. ఎదురు అర్జీ మీద 30 వేలకు పైగా. లెక్కలో ఓడిపోయినా 1856 జులైలో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక పెళ్ళి చేసుకునే ధైర్యం ఎవరికీ లేదు. వరుణ్ణి ఒప్పించడం, ఖర్చు పెట్టడం, కాపలా పెట్టించడం ఆయన మీదే పడ్డాయి. ఆ డిసెంబరు 7న కలకత్తాలో శ్రీశచంద్ర విద్యారత్నకూ కాళీమతికీ మొదటి పెళ్ళి జరిగింది. తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళు చేయించి అప్పులపాలయ్యారు. సాయం చేస్తామన్న పెద్దమనుషులు కొందరు పెళ్ళినాటికి కనిపించకుండా పోయారు. 1870లో సొంత కొడుకు నారాయణచంద్ర ఒక వితంతువునే పెళ్ళాడాడు.

ఈ గాలి మన తెలుగు నేల దాకా వచ్చింది. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయనను దక్షిణదేశ విద్యాసాగర్ అన్నారు. ఇవాళ్టి కళ్ళతో చూస్తే కలకత్తా పెళ్ళికూతురూ రాజమహేంద్రవరం పెళ్ళికూతురూ ఇద్దరూ చిన్నపిల్లలే. అది దాచాల్సిన విషయం కాదు. అమ్మాయికి 14 ఏళ్ళు నిండాలని శారదా చట్టం చెప్పింది 1929లో. 18 ఏళ్ళు నిండకుండా చేస్తే, చేయించిన పెద్దలకు కూడా శిక్ష అని ఇప్పుడున్న చట్టం చెప్పింది 2006లో. ఒక్కొక్క మెట్టుకూ ఎంత కాలం పట్టిందో మీరే లెక్క వేయండి.

1855లో ఆయనకు ప్రిన్సిపాల్ పనికి తోడు హుగ్లీ, బర్ద్వాన్, మేదినీపూర్, నదియా జిల్లాల బడుల తనిఖీ అప్పగించారు. 1857 నవంబరు నుంచి 1858 మే వరకు 35 బాలికల పాఠశాలలు తెరిచారు. సుమారు 1,300 మంది ఆడపిల్లలు చేరారు. పై అధికారులు నోటిమాటగా సరేనన్నారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం మంజూరు చేయలేదు. పంతుళ్ళ జీతాలు మూడు వేల రూపాయలకు పైగా బాకీ పడ్డాయి. 1858 చివర్లో ఆయన ఉద్యోగం వదిలేశారు. బడులు మాత్రం వదల్లేదు. చందాలు పోగుచేసి, సొంత డబ్బు వేసి నడిపించారు. ఆ డబ్బు ఎక్కువగా పుస్తకాల మీద వచ్చింది. బెంగాలీ పిల్లలు అక్షరాలు నేర్చుకునే వర్ణపరిచయ్ 1855లో ఆయన రాసిందే. మీ పక్కింటి బెంగాలీ స్నేహితుల ఇంట్లో అడిగితే చూపిస్తారు.

తర్వాత ఆయన చేతికి వచ్చినది మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్. అదే ఇప్పటి విద్యాసాగర్ కళాశాల. ఆ బడిలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని ఆయన నియమం పెట్టారు. బెత్తం లేని బడిని ఆ కాలంలో చాలామంది ఊహించలేదు. దెబ్బలు తిని పెరిగిన ఎందరో మనుషులు తామూ కొడతారు. ఈయన అక్కడ ఆగారు. మేము ఎక్కువగా తలుచుకునేది ఆయనలోని ఈ ఒక్క గుణాన్నే.

ఆయన తన బడికి పెట్టుకున్న నియమం ఇప్పుడు దేశమంతటికీ చట్టం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో మనసు నొప్పించకూడదు. 2015 బాలల న్యాయ చట్టం పిల్లల్ని అప్పగించిన ఎవరైనా, ఆయా అయినా హాస్టల్ వార్డెన్ అయినా, క్రూరంగా ప్రవర్తిస్తే జైలు అంటుంది. పిల్లల సంరక్షణ సంస్థలో పనిచేసేవాళ్ళకైతే ఆ శిక్ష ఇంకా ఎక్కువ. పార్కు పేరుతో మొదలుపెట్టాం కనుక ఇదీ చెబుతాం. ఫ్యాక్టరీలో నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్ళు పనిచేస్తే వాళ్ళ ఆరేళ్ళ లోపు పిల్లలకు గది ఉండాలని, పిల్లల్ని చూడడంలో శిక్షణ పొందిన స్త్రీ చేతిలో దాన్ని పెట్టాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అంటే ఎత్తుకుని తిప్పడం వచ్చిన ప్రతివాళ్ళూ ఆ పనికి సరిపోరన్నమాట.

2012 పోక్సో చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. పిల్లల ఒంటిని ఎవరైనా చెడుగా తాకారని, చెడుగా చూశారని తెలిసిన మనిషి పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. రుజువులు వెతకడం మా పని కాదు, చెప్పడం మా పని. మీరు మాకు చెప్పినప్పుడు ఎవరికీ చెప్పనని మేము మాట ఇవ్వలేకపోయేది ఇందుకే. కోపగించుకోకండి. ఎవరికి చెప్పాలో తోచకపోతే 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, ఏ ఊరి నుంచైనా పలుకుతుంది. క్వార్టరు మారినా ఈ నంబరు మారదు.

1866 కరువులో విద్యాసాగర్ సొంత ఊళ్ళో అన్నసత్రం తెరిచారు. నూనె లేక ఎండిపోయిన పేద స్త్రీల తలలు చూసి నూనె తెప్పించి, అంటరానివాళ్ళని అందరూ దూరం పెట్టిన వాళ్ళ తలకు తన చేత్తో రాశారు. చివరి రోజుల్లో అయినవాళ్ళతోనూ కలకత్తా పెద్దమనుషులతోనూ మనసు విరిగి, సంతాలులు ఉండే కర్మాటాడ్ అనే పల్లెకు వెళ్ళి చాలా కాలం గడిపారు. అక్కడ హోమియోపతి మందులు ఇచ్చేవారు. ఆడపిల్లలకు బడి పెట్టారు. 1891 జులై 29న కలకత్తాలో కన్నుమూశారు.

సెలవులకు అసన్సోల్ మీదుగా పట్నా వైపు వెళ్ళేవాళ్ళు జామ్‌తారా దాటాక, మధుపూర్ రాకముందు కిటికీలోంచి చూడండి. కర్మాటాడ్ స్టేషన్ వస్తుంది. 1978 నుంచి దాని బోర్డు మీద ఉన్న పేరు విద్యాసాగర్.