ఘర్షణకు లెక్క కట్టిన సైనిక ఇంజనీరు

బిలాస్‌పూర్ తెలుగువారికి రైలు ఇంటి మనిషి లాంటిది. బి.ఎన్.ఆర్. రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడి రైల్వే కాలనీల్లోనే స్థిరపడ్డాయి. ఇరుసు దగ్గర ఒరిపిడి పెరిగితే హాట్ యాక్సిల్ అని బండి ఆపేస్తారు. వానకు పట్టా తడిసి ఇంజను చక్రం జారితే, అదే ఒరిపిడి కావాలని ఇసుక వేస్తారు. ఈ ఒరిపిడికి, అంటే ఘర్షణకు, సరైన లెక్క కట్టినవారిలో ముఖ్యుడు మనలాగే యూనిఫారం వేసుకున్న మనిషి. ఆయనే చార్లెస్ అగస్టిన్ కూలుమ్. విద్యుత్తు పాఠంలో మనందరం చదువుకున్న పేరే.

కూలుమ్ 1736 జూన్ 14న ఫ్రాన్సులోని అంగూలేమ్‌లో జన్మించారు. మెజియేర్ సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో చదివి 1761లో లెఫ్టినెంటుగా బయటికి వచ్చారు. 1764లో వెస్టిండీస్‌లోని మార్టినిక్ దీవికి పోస్టింగు. అక్కడ బోర్బన్ కోట కట్టించే బాధ్యత. ఎనిమిదేళ్లు జబ్బులతో పోరాడుతూనే పని చేశారు. 1772లో స్వదేశం చేరారు గానీ పోయిన ఆరోగ్యం మళ్లీ పూర్తిగా రాలేదు. అయితే చేతినిండా అనుభవం తెచ్చుకున్నారు.

1779లో రోష్‌ఫోర్ రేవుకు బదిలీ. అప్పుడే ఫ్రెంచి సైన్స్ అకాడమీ, నౌకాదళానికి పనికొచ్చేలా ఘర్షణ మీద పెద్ద ఎత్తున ప్రయోగాలు చేసినవారికి బహుమతి ప్రకటించి ఉంది. కూలుమ్ కాగితం మీద లెక్కలతో ఊరుకోలేదు. ఓడల కర్మాగారంలోనే చెక్కను, లోహాన్ని బరువులు పెట్టి లాగించి చూశారు. ఒకసారి పొడిగా, ఇంకోసారి కొవ్వు పూసి. మన పల్లెల్లో బండి ఇరుసుకు కందెన పెట్టినట్టే అన్నమాట.

తేలిందేమిటంటే, బరువు రెట్టింపైతే ఘర్షణా దాదాపు రెట్టింపవుతుంది. తాకే వైశాల్యం, జారే వేగం పెద్దగా తేడా తేవు. ఆగి ఉన్నదాన్ని కదిలించడానికి, కదులుతున్నదాన్ని లాగడానికంటే ఎక్కువ బలం కావాలి. చెక్క మీద చెక్క కొంతసేపు కదలకుండా ఉంటే పట్టు ఇంకా బిగుస్తుంది. ఓడను నీటిలోకి దించేవారికి ఇది ప్రాణావసరమైన విషయం. నూనె పొర మీద తేలే బేరింగుకు మాత్రం ఈ లెక్క చాలదు. దాని సిద్ధాంతాన్ని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ ఇచ్చారు.

1781లో బహుమతి, అకాడమీ సభ్యత్వం రెండూ దక్కాయి. 1785లో విద్యుత్ నియమం వెలువడింది. 1791లో సైన్యం నుంచి తప్పుకున్నారు. విప్లవ కాలంలో 1793లో అకాడమీ రద్దయితే బ్లువా దగ్గర పల్లెకు వెళ్లిపోయారు. పరిస్థితులు చక్కబడ్డాక పారిస్ చేరి, 1806 ఆగస్టు 23న అక్కడే కన్నుమూశారు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి.

డ్యూటీలో చేతికందిన పనినే ప్రయోగశాలగా మలచుకున్నారాయన. వర్క్‌షాపులో, రేవులో, ఫీల్డులో ఉన్న మన కుర్రాళ్లు చూసింది చూసినట్టు కొలిచి రాసిపెట్టుకుంటే, అది ఏదో ఒకరోజు మరొకరికి పనికొస్తుంది.