ఆ చలిరాత్రి పియానో ముందు బీథోవెన్

మొన్న చలికాలంలో మా బడి కుటుంబాలం కొందరం కలిసి ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్ళాం. ఆ రోజు ముఖ్యమైన అంశం బీథోవెన్ నాలుగవ పియానో కన్చెర్టో. కన్చెర్టో అంటే ఒక్క విద్వాంసుడు ముందు కూర్చుని, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన. మొదటి భాగం అవగానే మన కచేరీల అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టబోయాం. హాల్లో ఇంకెవరూ కొట్టలేదు! మూడు భాగాలూ పూర్తయ్యాకే కొట్టాలట.

పిల్లలూ, మీలో చాలామంది పియానో నేర్చుకుంటున్నారు కదా, ఆ బీథోవెన్ కథ మీకు చెప్పాలనిపించింది.

ఆయన 1770లో ఇప్పటి జర్మనీలోని బాన్ నగరంలో పుట్టారు. తండ్రి గాయకుడే కానీ తాగుడు అలవాటున్న మనిషి. కొడుకుని బాలమేధావి అనిపించాలని కఠినంగా సాధన చేయించేవాడు. 1778లో కొలోన్‌లో కచేరీ పెట్టించి, ఏడేళ్ళ పిల్లవాడిని ఆరేళ్ళవాడని ప్రకటించాడు. (మన అమ్మానాన్నలు కాస్త నయమే!) 1792లో వియన్నా చేరిన బీథోవెన్ అక్కడ గొప్ప పియానో విద్వాంసుడిగా పేరు తెచ్చుకున్నారు. కానీ ముప్ఫై ఏళ్ళు నిండకముందే చెవులు మందగించడం మొదలైంది.

1808 డిసెంబరు 22న వియన్నాలోని ఒక థియేటర్లో ఆయన తన రచనలతోనే పెద్ద కచేరీ ఏర్పాటు చేశారు. హాలంతా గడ్డకట్టే చలి. కచేరీ సుమారు నాలుగు గంటలు సాగింది. ఐదవ, ఆరవ సింఫొనీలు లోకం మొదటిసారి విన్నది ఆ రాత్రే. రిహార్సల్ చాలక చివరి అంశం మధ్యలో తప్పిపోతే, ఆపించి మళ్ళీ వాయించారు.

నాలుగవ కన్చెర్టోలో పియానో వాయించింది స్వయంగా ఆయనే. ఆ రోజుల్లో కన్చెర్టో అంటే ముందు ఆర్కెస్ట్రా చాలాసేపు వాయించడం వాడుక. ఇందులో మాత్రం పియానో ఒంటరిగా, మెల్లగా మొదలుపెడుతుంది. వినికిడి తగ్గుతున్న మనిషి అంత నెమ్మదైన స్వరాలతో మొదలుపెట్టారంటే మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ తరువాత ఆయన మరెప్పుడూ ప్రజల ముందు ఆర్కెస్ట్రాతో కన్చెర్టో వాయించలేదు. 1809లో నెపోలియన్ సేనలు వియన్నాపై ఫిరంగులు పేలుస్తున్న ఏడాదే ఐదవ కన్చెర్టో రాశారు. దాన్ని 1811లో లైప్జిగ్‌లో వేరొకరు వాయించారు. 1812లో వియన్నాలో వాయించింది ఆయన శిష్యుడు చెర్నీ. మీ పియానో టీచర్ ఇచ్చే చెర్నీ అభ్యాసాలు ఆయనవే! బీథోవెన్ 1827లో వియన్నాలోనే కన్నుమూశారు.

పిల్లలు పట్టుబట్టడంతో ఈసారి ఐదవ కన్చెర్టోకి టిక్కెట్లు తీసుకున్నాం. చప్పట్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉంటాం.