రాజసేవకుడు దానియేలు

ఒక ప్రభువు కొలువులో నుండి వేఱొక ప్రభువును మనసార నమ్ముట సులభము కాదు. ఇరువురి యాజ్ఞలును ఒకే త్రోవను నడచినంత కాలము చిక్కు లేదు. అవి యెదురెదురుగ నిలిచిన నాడు సేవకుని నిజస్వరూపము బయలుపడును. బైబిలు పూర్వభాగమున నిట్టి పరీక్షకు గుఱియైన వారు పెక్కురు. అబ్రాహాము దైవాజ్ఞను శిరసావహించి స్వదేశమును విడిచెను. మోషే ఫరో సన్నిధికి పోయి నిలిచెను. కాని బాల్యము మొదలు వార్ధక్యము వఱకు రాజోద్యోగముననే కాలము గడపినవాడు దానియేలు. కచేరీలలో దినములు వెళ్లబుచ్చు మనకు అతని చరిత్ర మిక్కిలి దగ్గఱిదిగ తోచును.

అతడు యూదా రాజ్యమున గొప్ప వంశమున జన్మించెను. యెహోయాకీము యేలుబడిలో బబులోను రాజగు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించి, దేవాలయపు పాత్రలను కొన్నిటిని, కులీనులగు బాలురను కొందఱను తన దేశమునకు తరలించుకొని పోయెను. ఇది క్రీ.పూ. 605 ప్రాంతమున జరిగినట్లు గణింతురు. బబులోను నేటి ఇరాకు దేశమున యూఫ్రటీసు నదీతీరమున వెలసిన మహానగరము. ఆ బాలురు మూడేండ్లు కల్దీయుల భాషయు విద్యలును అభ్యసించి రాజు కొలువున నిలువవలెనని యేర్పాటయ్యెను. వారి పేరులు కూడ మార్చిరి. దానియేలు అను మాటకు దేవుడు నాకు న్యాయాధిపతి యని యర్థము. దానికి మాఱుగ రాజు కొలుచు దేవత పేరిట బెల్తెషాజరను పేరు పెట్టిరి. అతని మిత్రులు హనన్యా, మిషాయేలు, అజర్యాలు క్రమముగ షద్రకు, మేషాకు, అబేద్నెగోలైరి.

పరభాషను అతడు శ్రద్ధతో నేర్చెను. పరాయి పేరుతో పిలిచిన పలికెను. కాని రాజు పంపు భోజనమును, ద్రాక్షారసమును ముట్టుటకు మాత్రము అంగీకరింపలేదు. అవి తన ధర్మమునకు అపవిత్రములని అతని నిశ్చయము. అయినను తిరుగుబాటు చేయలేదు. పై యధికారిని వినయముతో అనుమతి వేడెను. బాలురు చిక్కిపోయినచో తన తలకు ముప్పు వచ్చునని ఆ యధికారి భయపడెను. అంతట దానియేలు తమపై నియమింపబడిన క్రింది యుద్యోగితో మాటలాడి, పది దినములు శాకధాన్యములును నీళ్లును ఇచ్చి పరీక్షింపుమని కోరెను. గడువు తీరునప్పటికి ఈ నలువురే తక్కినవారి కంటె పుష్టిగ నుండిరి. దేనికి లోబడవచ్చునో, దేనికి లోబడరాదో ఆ చిన్నవాడు ఎట్లు వింగడించెనో చూడుడు.

తరువాత రాజు ఒక కల గనెను. ఆ కలయేదో, దాని భావమేమో రెండును చెప్పలేనిచో జ్ఞానులందఱను సంహరింతునని ఆజ్ఞాపించెను. దానియేలు మిత్రులతో కూడి ప్రార్థించి రహస్యమెఱిగి, బంగారు తల, వెండి ఱొమ్ము, ఇత్తడి యుదరము, ఇనుప కాళ్లు, ఇనుమును మట్టియు కలిసిన పాదములు గల ప్రతిమను వర్ణించి, రాజ్యములు ఒకదాని వెంట నొకటి గతించునని తెలిపెను. ఆ జ్ఞానులందఱి ప్రాణములును అతని వలన దక్కెను.

అగ్నిగుండపు కథలో దానియేలు కానరాడు. అది అతని మిత్రుల కథ. అఱువది మూరల బంగారు ప్రతిమకు మ్రొక్కుటకు వారు నిరాకరించిరి. తమ దేవుడు తమ్ము రక్షింప సమర్థుడనియు, ఒకవేళ రక్షింపకున్నను తాము మ్రొక్కమనియు వారు రాజుతో చెప్పిరి. ఈ రెండవ మాటయే నా కాశ్చర్యము గొల్పును. ఫలము నాశించి నమ్మువారు ఆ మాట పలుకలేరు.

క్రీ.పూ. 586 ప్రాంతమున నెబుకద్నెజరు సేనలు యెరూషలేము దేవాలయమును తగులబెట్టినవి. అట్టి రాజునకు మతి చలించి పశువువలె గడ్డి మేయవలసిన దుర్దశ కలుగునని మఱియొక కల సూచింపగా, దాని భావము గ్రహించిన దానియేలు సంతోషింపలేదు. కొంతసేపు నిశ్చేష్టుడై, ఈ కల రాజు శత్రువులకు ఫలించుగాక యని కోరెను. న్యాయము పాటించి, దీనులయెడ కరుణ చూపుమని హితము చెప్పెను. తన నగరమును కూల్చినవాని మేలు కోరుట సామాన్యమైన విశ్వాసము కాదు.

బెల్షస్సరు విందు కథ లోకప్రసిద్ధము. దేవాలయపు పాత్రలలో మద్యము త్రాగుచుండగా గోడపై వ్రాత కనబడెను. దానియేలు బహుమానము లక్కఱలేదని చెప్పి, రాజ్యము తీఱినదని భావము వివరించెను. రాజు అతనికి రాజ్యమున మూడవ స్థానమిచ్చెను. మూడవది యేలనగా, బెల్షస్సరు తండ్రి నబోనిదసు జీవించియుండగనే పుత్రుడు పాలనము నెఱపెనని బబులోను మట్టిపలకల వలన తెలియవచ్చుచున్నది. క్రీ.పూ. 539లో ఆ నగరము పారసీకుల వశమయ్యెను.

కొత్త ప్రభువు దర్యావేషు నూట యిరువది మంది యధిపతులను, వారిపై ముగ్గురు ప్రధానులను నియమించెను. ఆ మువ్వురిలో దానియేలు ఒకడు. అప్పటి కతనికి ఎనుబదియేండ్ల వయసుండవలెను. రూబెన్సు మొదలగు చిత్రకారులు సింహముల నడుమ యువకుని చిత్రించుట సొగసు కొఱకే. తోటి యుద్యోగులకు అసూయ పుట్టినది. అతని లెక్కలలో తప్పు వెదకిరి, దొరకలేదు. ఇక భక్తియందే వలపన్ని, ముప్పది దినములు రాజును తప్ప వేఱెవరిని ప్రార్థించినను సింహముల గుహలో పడవేయవలెనని శాసనము వ్రాయించి రాజుచేత సంతకము చేయించిరి. మాదీయుల, పారసీకుల పద్ధతి ననుసరించి సంతకమైన శాసనమును రాజు సైతము మార్చరాదు. సంతకపు బలము మన పాఠకులకు వేఱుగ చెప్పనేల?

దానియేలు ఈ సంగతి యెఱిగియే యింటికి పోయి, యెరూషలేము దిక్కున తెఱచియున్న కిటికీ యెదుట మోకరించి, దినమునకు ముమ్మాఱు పూర్వము చేయుచుండినట్లే ప్రార్థించెను. కిటికీ మూయలేదు, వీధిలోనికి వచ్చి చాటనూ లేదు. ముప్పది దినములు మనసులోనే ప్రార్థించిన నెవరు చూతురు? కాని ప్రాణభయముచే నిత్యనియమమును దాచుట అతనికి చేతకాలేదు.

మన ప్రహ్లాదునకు విరోధి తండ్రియే. అతడు కోపముతో శిక్షించెను. ఇచ్చట రాజు దానియేలును ప్రేమించినవాడు. సూర్యాస్తమయము వఱకు విడిపింపజూచి, తన సంతకమునకు తానే బందీయై, గుహ వాకిట ఱాతిపై ముద్ర వేయించెను. ఆ రాత్రి నిరాహారుడై నిదురలేక గడపి, తెల్లవాఱుజామున గుహకు పరుగిడి యేడ్పుగొంతుతో పిలిచెను. దానియేలు సింహముల నోళ్లు దేవదూత మూసెననియు, రాజునకు తానే ద్రోహమును చేయలేదనియు బదులు చెప్పెను.

తరువాత రాజు నిందమోపినవారిని భార్యాబిడ్డలతో సహా ఆ గుహలోనే పడవేయించెను. బిడ్డలు చేసిన నేరమేమి? ఇది రాజు కోపమే గాని దానియేలు కోరిక యని గ్రంథమున లేదు. అయినను ఈ ఘట్టము చదువునపుడు మనసు కలుక్కుమనక మానదు.

ఈ గ్రంథము నేటి రూపమున క్రీ.పూ. రెండవ శతాబ్దిలో, యూదులు మరల హింసకు లోనైన కాలమున కూర్పబడెనని పండితులు పలువురు తలంతురు. దర్యావేషను ఈ మాదీయ రాజు పేరు ఇతర శాసనములలో కానరాదు. అయినను ఆపదలోనున్న ఆ ప్రజలకు ఈ కథ యెట్టి యాధారమై యుండునో ఊహింపవచ్చును.

క్రీ.పూ. 538లో కోరెషు చక్రవర్తి యూదులను స్వదేశమునకు పోనిచ్చెను. పెక్కురు మరలిరి. దానియేలు మరలినట్లు గ్రంథమున లేదు. కోరెషు యేలుబడి మూడవ యేట అతడు టైగ్రిసు నది యొడ్డున దర్శనమును గాంచుచుండెను. కాలాంతమును గూర్చి అతడడిగిన దానికి ఉత్తరము దొరకలేదు. పోయి విశ్రమింపుమని మాత్రము ఆజ్ఞ యయ్యెను. అతని మరణము ఎచ్చటను చెప్పబడలేదు. ఇరాను దేశమున షూష్ పట్టణమందు అతనిదని చెప్పుకొను సమాధి కలదు. యూదులును ముస్లిములును దానిని భక్తితో దర్శింతురు.