కలమును నమ్ముకొన్న జాన్సను పండితుడు

గ్రంథరచన వలన జీవనము గడచునా అను ప్రశ్న రచనాభిలాష గల ప్రతి విద్యార్థికిని ఎప్పుడో ఒకప్పుడు కలుగకపోదు. పూర్వము మన దేశమున కవి కృతిభర్తను వెదకుకొనెడివాడు. రాజో, మంత్రియో, జమీందారో కృతినందుకొని కవిని పోషించెడివాడు. ఇంగ్లండునందును చిరకాలము ఇంచుమించు ఇట్టి ఆచారమే యుండెను. ప్రభువుల ప్రాపు కోరక, అచ్చుకూటమును, చదువరులను నమ్ముకొని బ్రతుకవచ్చునని చూపినవారిలో ప్రముఖుడు శామ్యూల్ జాన్సను. ఆ బ్రతుకు ఎంత కష్టమైనదో తెలుపునదియు ఆయన చరిత్రమే.

జాన్సను 1709వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇంగ్లండు మధ్యభాగమందలి లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైఖేలు పుస్తకముల వర్తకుడు. శైశవముననే గండమాల వ్యాధి సోకి బాలుని ముఖమునను మెడమీదను మచ్చలు మిగిలెను. ఒక కంటి చూపు మందగించెను. అయినను తండ్రి అంగడిలోని పుస్తకములు ఆతనికి పెన్నిధియయ్యెను. చేతికందిన గ్రంథమునెల్ల చదివి, చదివినదానిని మరువని ధారణాశక్తి ఆతనికి అలవడెను.

1728లో జాన్సను ఆక్స్‌ఫర్డునందలి పెంబ్రోకు కళాశాలలో చేరెను. అచట ఆయన బూట్లు చినిగి వ్రేళ్లు బయటికి కనబడుచుండుట చూచి, ఎవరో జాలితో క్రొత్త బూట్లజత గదివాకిట నుంచగా, కోపముతో దానిని విసరివేసెనని చెప్పుదురు. ధనము లేక పదమూడు నెలలకే పట్టము పొందకుండ కళాశాల విడువవలసివచ్చెను. 1731లో తండ్రి మరణించెను. ఆస్తిలో ఆయనకు దక్కినది 20 పౌనులు మాత్రమే.

పట్టము లేనివానికి మంచి ఉపాధ్యాయ పదవి లభింపలేదు. బర్మింగుహామున నున్న కాలమున అబిసీనియా దేశయాత్రను గూర్చిన యొక గ్రంథమును ఆంగ్లమునకు అనువదించి 5 గినీలు సంపాదించెను. గినీ యనగా ఇరువదియొక్క షిల్లింగులు. 1735లో ప్రకటింపబడిన ఆ గ్రంథమే కలము వలన ఆయనకు లభించిన తొలి సంపాదనలలో నొకటి. ఆ యేడే తనకంటె ఇరువదియేండ్లు పెద్దదైన ఎలిజబెత్తు పోర్టరు అను వితంతువును ఆయన వివాహమాడెను. ఆమె ధనముతో స్థాపించిన పాఠశాలకు విద్యార్థులు బహుకొద్దిమందియే వచ్చిరి. వారిలో నొకడు తరువాత గొప్ప నటుడైన డేవిడ్ గారిక్కు. పాఠశాల మూతపడగా 1737లో గురుశిష్యులిద్దరును లండను నగరమునకు బయలుదేరిరి.

ఆ కాలమున లండనులో పత్రికలు వృద్ధిపొందుచుండెను. పుస్తకములు ప్రకటించెడి వర్తకులు పలువురుండిరి. కాని వారికి వ్రాసియిచ్చెడివారి బ్రతుకు దీనమైనది. గ్రబ్ వీథి యను పేరు ఆకలిగొన్న రచయితలకు పర్యాయపదమై యుండెను. జాన్సనును ఆయన మిత్రుడగు సావేజి కవియు బసకు పైకము లేక కొన్ని రాత్రులు వీథులలో తిరుగుచు గడపిరని ప్రసిద్ధి.

అట్టి స్థితిలో ఆయనకు ఆధారమైనది ఎడ్వర్డు కేవు 1731లో స్థాపించిన జెంటిల్‌మన్స్ మాగజైను అను మాసపత్రిక. దానికి జాన్సను అనువాదములు, జీవితచరిత్రలు, పద్యములు, విమర్శలు, ఏది కావలసిన నది వ్రాసియిచ్చెను. పార్లమెంటు చర్చలను ప్రకటించుట అప్పుడు నిషిద్ధము. కావున పత్రిక వానిని లిల్లిపుట్టు అను కల్పిత దేశపు చర్చలుగా ప్రకటించెడిది. ఇతరులు తెచ్చిన కొలది వివరములను ఆధారముగా గొని జాన్సను ఆ ఉపన్యాసములను గదిలో కూర్చుండి రచించెడివాడు. చదువరులు వానిని నిజమైన ఉపన్యాసములని నమ్ముచున్నారని తెలిసిన పిదప ఆ పని మానివేసెనందురు. కూటికొరకు వ్రాయువానికిని అసత్యమునకు హద్దుండవలెనని ఆయన మనస్సు చెప్పెను కాబోలు.

1738లో లండను నగరమును గూర్చిన పద్యకావ్యమునకు 10 గినీలును, 1744లో సావేజి జీవితచరిత్రకు 15 గినీలును లభించెను. ఇవి పేరు తెచ్చినవే కాని సంసారమును గట్టెక్కింపలేదు. 1746లో కొందరు ప్రకాశకులు కలిసి ఆంగ్లభాషకు మహానిఘంటువు కూర్పుమని ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. ప్రతిఫలము 1,575 పౌనులు. ఆ మొత్తము పెద్దదిగా తోచును. కాని ఆరుగురు లేఖకుల జీతములును ఇతర వ్యయములును దానిలోనుండియే భరింపవలెను. మూడేండ్లలో ముగియునని తలచిన పని తొమ్మిదేండ్లు పట్టెను. గఫ్ స్క్వేరునందలి ఇంటి పైఅంతస్తులో ఆయన గ్రంథములు చదివి, పదప్రయోగములకు గుర్తులు పెట్టెడివాడు. లేఖకులు వానిని చీటీలపై ఎత్తివ్రాసెడివారు.

ఈ మహాకార్యము నడుచుచుండగనే జాన్సను 1750 మార్చి మొదలు రాంబ్లరు అను పత్రికను వారమునకు రెండుమార్లు వెలువరించెను. ఒక్కొక్క వ్యాసమునకు 2 గినీలు. రెండేండ్లలో 208 సంచికలు వెలువడెను. వానిలో కొలది తప్ప తక్కినవన్నియు ఆయన వ్రాసినవే. దేహము రుగ్ణమైనను, భార్య మరణశయ్యపై నున్నను, మంగళవారమును శనివారమును వ్యాసము అచ్చుకూటమునకు చేరుచునే యుండెను. ఉత్సాహము కలిగినప్పుడు వ్రాయుదునని కూర్చున్నవానికి ఇది సాధ్యము కాదు. 1752 మార్చిలో పత్రిక ఆగిన కొలదిదినములకే భార్య మరణించెను.

నిఘంటు ప్రణాళికను జాన్సను 1747లో చెస్టరుఫీల్డు ప్రభువునకు నివేదించి యుండెను. ఆ ప్రభువు 10 పౌనులిచ్చి, పిదప పట్టించుకొనలేదు. గ్రంథము వెలువడు సమయమున మాత్రము దానిని ప్రశంసించుచు రెండు వ్యాసములు వ్రాసెను. జాన్సను 1755 ఫిబ్రవరిలో ఒక లేఖ వ్రాసి, ఆపదలో ఆదుకొనని ప్రాపు తీరము చేరిన పిదప తన కక్కరలేదని మర్యాదగానే తిరస్కరించెను. రచయితల స్వాతంత్ర్య చరిత్రలో ఆ లేఖకు సుస్థిరమైన స్థానము కలదు. ఆ ఏప్రిలులో నలువది రెండు వేలకు పైగా పదములతో నిఘంటువు రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. కీర్తి నలుదెసల వ్యాపించెను.

కాని కీర్తి అప్పు తీర్పలేదు. ఒడంబడిక సొమ్ము పని ముగియునప్పటికే ఖర్చయిపోయి యుండెను. సర్వహక్కులును ప్రకాశకులవి కావున తరువాతి అమ్మకములలో ఆయనకు పాలు లేదు. 1756 మార్చిలో 5 పౌనుల 18 షిల్లింగుల బాకీకై ఆ మహాపండితుని నిర్బంధించిరి. నవలాకారుడగు రిచర్డుసను 6 గినీలు పంపి విడిపించెను. 1759 జనవరిలో తల్లి మరణింపగా, అంత్యక్రియల వ్యయమునకును ఆమె అప్పులకును ఒక వారము సాయంకాలములలోనే రాసెలాసు అను కథను వ్రాసి ముగించెనని చెప్పుదురు. దానికి 100 పౌనులును, రెండవ కూర్పునకు 25 పౌనులును ముట్టెను.

ఆయనయందు లోపములు లేకపోలేదు. షేక్స్పియరు నాటకముల పరిష్కరణకు 1756లోనే చందాలు వసూలుచేసి, గ్రంథమును 1765 వరకు ఈయలేదు. సోమరితనమునకు తన్ను తానే నిందించుకొనెడివాడు. 1762లో రాజు సాలునకు 300 పౌనుల వర్షాశనము నొసగెను. ఇది గడచిన సేవకే గాని రాబోవు సేవకు కాదని తెలిసికొనిన పిదపనే ఆయన దానిని స్వీకరించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిరెండు. కలముతో దాదాపు ఇరువదియైదేండ్లు పోరాడిన పిదప గాని నిశ్చింత లభింపలేదు.

1765లో డబ్లిను విశ్వవిద్యాలయమువారు డాక్టరు బిరుదము నిచ్చిరి. 1777లో ప్రకాశకులే ఆయన ఇంటికి వచ్చి ఆంగ్లకవుల చరిత్రలు వ్రాయుమని కోరిరి. ఎంత అడిగిన నంత ఇచ్చుటకు వారు సిద్ధముగా నుండగా ఆయన 200 గినీలే అడిగెను. ఏబదియిద్దరు కవుల చరిత్రలు 1779 మొదలు 1781 వరకు వెలువడెను. వచ్చిన సొమ్ము నాయన దాచుకొనలేదు. అంధురాలగు కవయిత్రి అన్నా విలియమ్సు, పేదల వైద్యుడు లెవెటు మొదలగు నిరాశ్రయులకు ఆయన ఇల్లే ఆశ్రయము. జమైకాలో బానిసగా జన్మించి ఆయనకు సేవకుడైన ఫ్రాన్సిస్ బార్బరునకు మరణశాసనములో 70 పౌనుల వర్షాశన మేర్పరచెను. 1784 డిసెంబరు 13వ తేదీన జాన్సను మరణించెను. ఆయన దేహమును వెస్టుమినిస్టరు ఆలయమున ఖననము చేసిరి.

యౌవనమున నొకనాడు తండ్రి యుటాక్సిటరు సంతలో పుస్తకముల అంగడి చూచుకొమ్మనగా, అది చిన్నతనమని తలచి ఆయన వెళ్లలేదు. ఏబదియేండ్ల పిదప ముసలితనమున ఆ సంతకు పోయి, తండ్రి అంగడి యుండిన చోట వానలో తలపాగ లేక చాలసేపు నిలిచి ప్రాయశ్చిత్తము చేసికొనెను. పుస్తకమును వ్రాయుటవలెనే అమ్ముటయు గౌరవమైన వృత్తియే యని అప్పటికి ఆయనకు అనుభవము నేర్పియుండెను.

విద్యార్థులారా! కలముతో బ్రతుకగోరువాడు పలువిధములైన రచనలు నేర్వవలెను. చెప్పిన దినమునకు చెప్పిన పని ముగింపవలెను. ధనమునకై సత్యమును విడువరాదు. ఇవి జాన్సను జీవితమువలన మనము నేర్వదగిన గుణములు. హక్కులను మొత్తముగా అమ్మివేయుట, చేయవలసిన పనిని వాయిదావేయుట, రాబడిలో కొంతయైనను నిలువచేయకుండుట మనము విడువదగినవి. మహనీయుని గుణమును గ్రహించుట యెంత లాభమో, ఆయన పొరపాటును గుర్తించుటయు నంతే లాభము.