గిడుగు రామమూర్తి పంతులు

టెక్కలికి చేరువనున్న నౌపడ నుండి పర్లాకిమిడికి 1900వ సంవత్సరమున చిన్న రైలుమార్గ మేర్పడెను. పలాస, ఉద్దానము దిక్కుల నుండి వచ్చువారు నౌపడలో దిగి ఆ చిన్న బండి నెక్కెడివారు. ఆ బండి చేరుకొను ఊరిలో అప్పటికి ఇరువది యేండ్లుగా ఒక బడిపంతులు పాఠములు చెప్పుచుండెను. ఆయనయే గిడుగు వెంకట రామమూర్తి.

ఆయన 1863 ఆగస్టు 29న వంశధారా తీరమునందలి పర్వతాలపేటలో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. విజయనగరమున చదువుకొన్నప్పుడు గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో ముప్పది రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరెను.

పశ్చిమదేశములలో కర్మాగారములు వెలసి గంటల లెక్కను కూలి ఇయ్యసాగిన పిదప, చేతిలో పని లేక కూర్చుండుట నష్టమను తలపు బలపడెను. మన పెద్దలు ఏకాంతచింతనను తపస్సుగా నెంచిరి. అయినను ఊరక కూర్చున్నవానిని సోమరి యనుట మనకును క్రొత్త గాదు. ఉద్దానమున కొబ్బరిపాదులు త్రవ్వు రైతునకు చేతులు పనిలో నున్నను మనస్సు స్వేచ్ఛగా విహరించును. బడిపంతులున కా భాగ్యము లేదు. బడిగంట మ్రోగిన తరువాతి కాలమే రామమూర్తికి సొంతము. ఆ వేళలలో ఆయన ముఖలింగ దేవాలయ శాసనములను తనంత తానే చదువ నేర్చెను. అది ఎవరును అడుగని పని, జీతము పెంచని పని.

ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము గాదు. ముండా కుటుంబమునకు చెందినది. అప్పటికి దానికి లిపి లేదు. రెండు భాషలు నెరిగిన యొకనిని తన యింటనే ఉంచుకొని ఆయన దానిని నేర్చెను. లిపి లేని భాషను నేర్చుట యనగా ఒక్కొక్క మాటను చెవితో పట్టి, మనస్సున మరల మరల త్రిప్పి చూచుట. చూచువారికి అట్టివాడు ఏమియు చేయనట్లే కనబడును. పిమ్మట ఆయన సవర భాషలో పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చెను.

అడవులలో తిరుగుటచే జ్వరము సోకెను. క్వినైను విశేషముగా వాడుటచే వినికిడి పోయెను. మాటల నాదమును వెదకి తిరిగిన మనుష్యునకు ఇంతకంటె క్రూరమైన నష్ట మేమున్నది?

అయినను ఆయన ఏకాంతవాసి కాలేదు. 1911లో ఉద్యోగము విరమించి, వాడుకభాషకై సభలలో పండితులతో తలపడెను. 1919లో ‘తెలుగు’ అను పత్రికను స్థాపించెను. ఆయన చరిత్రను గ్రాంథికమున వ్రాయుట చూచినచో నాతోను వాదమునకు దిగియుండును!

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరెను. అది ఆయనకు సమ్మతము గాదు. ఆ దినమున ఆ యూర నుండజాలక రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. 1931లో వెలువడిన సవర వ్యాకరణమునకు తోడుగా 1938లో సవర నిఘంటువు అచ్చయ్యెను. అప్పటికి వయస్సు డెబ్బది దాటెను. సవర కొండలు దూరమైనవి. అందలి మాటలు చెవులు పనిచేసిన కాలమున విన్నవి. రెండేండ్లకు, 1940 జనవరి 22న, ఆయన కన్ను మూసెను.